ఆసుపత్రి కాలువ చెప్పు చరిత్ర

1941వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణమున ఒక వింతపని జరిగినది. రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఉన్న ఒక రోగి మూత్రమును సీసాలలో పట్టి, సైకిలుమీద విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు చేరవేసినారు. అక్కడ దానిని శుద్ధిచేసి, అందులోనుండి ఒక మందును తిరిగి రాబట్టి, ఆ మందును మరల ఆ రోగికే సూదితో ఎక్కించినారు. రోగి పేరు ఆల్బర్ట్ అలెగ్జాండర్. పోలీసు కానిస్టేబులు. వయస్సు 43 సంవత్సరములు. ముఖమంతయు చీముపట్టి, ఒక కన్ను పోయి, మరణమునకు సిద్ధముగా ఉన్నవాడు.

ఫిబ్రవరి 12వ తేదీన అతనికి పెనిసిలిన్ అను క్రొత్తమందు ఇచ్చుట ప్రారంభించినారు. కొద్దిదినములలోనే జ్వరము తగ్గినది, ఆకలి పుట్టినది. కాని ఆనాడు పెనిసిలిన్ చిటికెడంత దొరకుటయే గగనము. ఇచ్చిన మందులో చాలభాగము ఏ మార్పును పొందక మూత్రముతో బయటకు పోవునని వైద్యులకు తెలియును. అందుచేతనే ఆ సైకిలు ప్రయాణము. అంతచేసినను అయిదు దినములలో మందు నిండుకొన్నది. జబ్బు తిరుగబెట్టినది. మార్చి 15వ తేదీన ఆ రోగి మరణించినాడు.

పెనిసిలిన్ కథ చెప్పువారందరును ఈ వృత్తాంతమును చెప్పుదురు. మేము మాత్రము దీనిని వేరొక కారణముచేత తలచుచున్నాము. రోగి శరీరమునుండి బయటకు వచ్చిన మందు ఎక్కడికి పోవుచున్నదని మనుష్యులు అంత శ్రద్ధగా చూచిన కాలము మరల చాలయేండ్లవరకు రాలేదు. 1944 నాటికి అమెరికాలోని కర్మాగారములు పెద్దపెద్ద తొట్లలో పెనిసిలిన్‌ను తయారుచేయసాగినవి. మందు విస్తారమైనది, చవుక అయినది. చవుక అయినదానిని ఎవరు ఏరుకొందురు? సీసాలోనికి పోయిన మూత్రము ఇక కాలువలోనికి పోయినది. కాలువ వాగులోను, వాగు నదిలోను కలిసినది. ఆ నీటిలో తరువాత ఎనుబదియేండ్లుగా ఏమి జరిగినదో చెప్పుటయే నేటి ప్రసంగము ఉద్దేశము.

ఇది వైద్యులకు సంబంధించిన విషయము, మనకేమి అని శ్రోతలు అనుకొనవచ్చును. కాని పురుటికో, జ్వరమునకో, ఆపరేషనుకో ఆసుపత్రి మెట్లు ఎక్కని కుటుంబము నేడు అరుదు. ఆసుపత్రిలో వాడిన నీరు అక్కడనే ఇంకిపోదు. రోగుల మలమూత్రములు, గాయములు కడిగిన నీరు, బట్టలు ఉతికిన నీరు, నేల తుడిచిన ఫినైలు నీరు, అన్నియు కలిసి బయటకు వచ్చును. ఆ నీటిలో మందుల అవశేషములు ఉండును. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు ఉండును. అన్నిటికంటె ముఖ్యముగా, లొంగకుండుట ఎట్లో ఆ సూక్ష్మజీవికి నేర్పు జన్యువులు ఉండును. జన్యువనగా జీవకణములో వ్రాసియున్న ఆదేశము. కణము చచ్చినను ఆ వ్రాత వెంటనే చెరగిపోదు.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. మందులు వచ్చిన తరువాతనే సూక్ష్మజీవులు వాటిని ఎదిరించుట నేర్చినవని చాలమంది తలంతురు. అది నిజము కాదు. పెనిసిలిన్ మనుష్యుడు కల్పించిన వస్తువు కాదు. ఒక బూజు తన బ్రతుకుతెరువు కొరకు చేసికొన్న వస్తువు. 1928లో లండనులోని సెయింట్ మేరీ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటబడినది గాని, ఎవరును చూడకముందే బూజులు ఆ పని చేయుచునే ఉన్నవి. విషము చేయు ప్రాణి ఉన్నచోట విరుగుడు చేసికొను ప్రాణియు ఉండును. కెనడాలోని యూకాన్ ప్రాంతమున 30,000 ఏండ్లుగా గడ్డకట్టియున్న నేలనుండి తీసిన మట్టిలో పెనిసిలిన్ జాతి మందులను, టెట్రసైక్లిన్‌ను, వాంకోమైసిన్‌ను ఎదిరించు జన్యువులు ఉన్నవని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఆ మట్టి గడ్డకట్టిననాటికి ఆసుపత్రి లేదు, వైద్యుడు లేడు, మందుచీటి లేదు.

ఆక్స్‌ఫర్డు రోగికి మందు ఇచ్చుటకు రెండునెలల ముందే, 1940 డిసెంబరులో, అదే ప్రయోగశాలలో పనిచేయుచున్న ఎడ్వర్డ్ అబ్రహాము, ఎర్నెస్ట్ చెయిన్ అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న వ్యాసము ప్రకటించినారు. మనుష్యుల ప్రేగులలో సాధారణముగా నివసించు ‘కోలై’ అను సూక్ష్మజీవి పెనిసిలిన్‌ను నాశనముచేయు ఎంజైమును తయారుచేయుచున్నదని అందులో చూపినారు. ఆ ఎంజైమునకు పెనిసిలినేజు అని పేరు. మందు రోగిని చేరకముందే దాని శత్రువు పేరు పుస్తకములోనికి ఎక్కినది. ప్రేగులో ఉన్నది కాలువకు రావలసినదే గదా!

1945 డిసెంబరులో నోబెల్ బహుమానము అందుకొన్నప్పుడు ఫ్లెమింగు తన ఉపన్యాసములో ఒక హెచ్చరిక చేసినాడు. మందును ఎవరైనను అంగడిలో కొనుక్కొను దినము వచ్చుననియు, తెలియనివాడు చాలీచాలని మోతాదు పుచ్చుకొని, తన శరీరములోని క్రిములను చంపక, వాటికి మందును తట్టుకొను విద్య నేర్పుననియు చెప్పినాడు. దృష్టాంతముగా ఒక భర్త కథను కల్పించినాడు. గొంతునొప్పికి ఆ భర్త అట్లే చేసి, ఆ క్రిములను భార్యకు అంటించును. మందు పనిచేయక ఆమె చనిపోవును. ఆ కథలో ప్రమాదము ఒక ఇంటిలోనుండి, ఒక శ్వాసనుండి మరియొక శ్వాసకు పోవును. కాలువ మాట అందులో లేదు. అప్పటికి ఆ మాట ఎవరికిని తోచలేదు.

ఈ చరిత్రలో మన తెలుగువారి పేరు ఒకటి ఉన్నది. భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనాధ్యక్షులుగా ఉన్నకాలములో, బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ ఆరియోమైసిన్ అను మందును కనుగొన్నాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి వేరుచేసిన ఒక సూక్ష్మజీవి ఇచ్చిన బంగారువన్నె మందు అది. టెట్రసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు స్వర్గస్థులైనారు. పెనిసిలిన్‌కు లొంగని పెక్కు రోగములకు ఆ మందు లొంగుబాటు నేర్పినది. మరి రెండేండ్లకు, 1950లో, అదే మందును మేతలో కలిపిన కోళ్ళు త్వరగా పెరుగునని తెలిసినది. నాటినుండి యాంటిబయాటిక్ మందు రోగులకు మాత్రమేగాక కోళ్ళకును పశువులకును మేతయైనది. ఆ కొట్టముల మురుగును ఏదో ఒక నీటిలోనే కలిసినది.

ఆ తొలినాళ్ళలో శాస్త్రజ్ఞుల అభిప్రాయము ఇట్లుండెడిది. కోట్లకొలది క్రిములలో ఒకటి అరా తమంతట తామే స్వభావము మార్చుకొనును. మందు మిగిలినవాటిని చంపును. మారినది బ్రతికి, దాని సంతానము తామరతంపరగా వృద్ధిచెందును. ఒక మందుకు అట్లు మారుటయే అరుదు. రెండు మందులకు ఒక్కసారి మారుట మరియు అరుదు. కనుక రెండు మందులు కలిపి ఇచ్చినయెడల క్రిమికి తప్పించుకొను దారి ఉండదు. క్షయరోగము విషయములో ఈ ఆలోచన ఫలించినది. ఒక్క స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన రోగులలో క్రిములు త్వరలోనే ఎదురుతిరుగగా, మరియొక మందును చేర్చి ఇచ్చినప్పుడు ఆ ఎదురుదాడి బాగుగ తగ్గినదని 1950 నాటికి బ్రిటనులో రుజువైనది. దీనితో అందరికిని ధైర్యము కలిగినది.

ఆ ధైర్యము జపానులో చెదరినది. యుద్ధానంతరము ఆ దేశమున జిగట విరేచనముల వ్యాధి విపరీతముగా వ్యాపించినది. దానికి కారణము షిగెల్లా అను సూక్ష్మజీవి. మొదట సల్ఫామందులు ఇచ్చినారు. కొలదియేండ్లలోనే అవి పనిచేయుట మానినవి. తరువాత స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రసైక్లిన్ వచ్చినవి. 1955లో ఒక రోగినుండి తీసిన షిగెల్లా ఈ నాలుగింటికిని ఒక్కసారిగా లొంగకపోయినది. ఒక్కొక్క మందునకు వేరువేరుగా మార్పు పొందవలెనన్నచో ఇది జరుగరాని పని. ఇంకొక వింత కూడ కనబడినది. అట్టి రోగుల ప్రేగులలోని నిరపాయకరమైన కోలై క్రిములును ఆ నాలుగు మందులకే లొంగకుండెను. రెండు వేరువేరు జాతులకు ఒకే విద్య ఎట్లు వచ్చినది?

1959లో జపాను శాస్త్రజ్ఞులు దీనికి సమాధానము చెప్పినారు. ఒచియాయి, అకిబా అనువారల బృందములు లొంగని కోలై క్రిములను, లొంగు షిగెల్లా క్రిములను ఒకే పాత్రలో కలిపి ఉంచినవి. లొంగు క్రిములు లొంగని క్రిములుగా మారినవి. కోలై తన విద్యను షిగెల్లాకు అప్పగించినది. కియో విశ్వవిద్యాలయపు సుటోము వటనాబే 1963లో ఈ పరిశోధనలన్నిటిని సమీకరించి ఇంగ్లీషులో వ్రాసిన తరువాతగాని పాశ్చాత్యలోకము దీని గంభీరతను పూర్తిగా గ్రహించలేదు.

ఈ అప్పగింత ఎట్లు జరుగునో ఒక పోలికతో చెప్పవచ్చును. అచ్చుయంత్రము రాకముందు మన పండితుల ఇండ్లలో తాటాకు గ్రంథములు ఉండెడివి. ఒకరి గ్రంథమును మరియొకరు ఎరవు తెచ్చుకొని, ప్రతి వ్రాసికొని, మూలమును తిరిగి ఇచ్చెడివారు. ఇచ్చినవానికి నష్టము లేదు, పుచ్చుకొన్నవానికి లాభము. సూక్ష్మజీవిలో దాని ముఖ్యమైన జన్యుసంపద గాక, చక్రాకారముగా చుట్టుకొన్న చిన్న జన్యుదారము మరియొకటి ఉండవచ్చును. 1952లో జాషువా లెడర్‌బర్గ్ ఇట్టివాటికి ప్లాస్మిడ్ అని పేరుపెట్టినాడు. రెండు క్రిములు దగ్గరకు చేరి, వాటి నడుమ ఒక సన్నని వంతెన ఏర్పడి, ప్లాస్మిడ్ ప్రతి ఒకదానినుండి రెండవదానికి పోవును. ఇద్దరియొద్దను గ్రంథము ఉండును. ఆ చిన్న గ్రంథములో నాలుగయిదు మందులకు విరుగుడులు వరుసగా వ్రాసియుండవచ్చును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే కులమువారు కావలెనన్న నియమము లేదు. కోలై షిగెల్లాకు ఇచ్చును, అది టైఫాయిడ్ క్రిమికి ఇచ్చును.

లండనులో నయోమీ దత్తా అను వైద్యశాస్త్రజ్ఞురాలు 1959లో ఒక ఆసుపత్రిలో వ్యాపించిన సాల్మొనెల్లా అంటువ్యాధిని పరిశీలించి, అక్కడను ఇదియే జరిగినదని 1962లో చూపినారు. అనగా ఇది జపానుకు మాత్రమే చెందిన వింత కాదు. ఆమె తరువాత చేసిన మరియొక పరిశోధన చరిత్రకారులమైన మనకు మరింత ముఖ్యము. ముర్రే అను శాస్త్రజ్ఞుడు 1917 మొదలు 1954 వరకు నానాదేశములనుండి సేకరించి, భద్రపరచిన ప్రేగుక్రిములు నాలుగువందలకు పైగా ఉండెను. అవి చాలవరకు యాంటిబయాటిక్ మందులు వాడుకలోనికి రాకముందటివి. 1983లో దత్తా, విక్టోరియా హ్యూస్ వాటిని పరీక్షించినారు. అప్పగింతకు పనికివచ్చు ప్లాస్మిడ్‌లు వాటిలో అనేకముగా ఉన్నవి. కాని మందులను ఎదిరించు జన్యువులు ఆ ప్లాస్మిడ్‌లమీద లేవు. దీని భావమేమి? తాటాకులు పూర్వమునుండి ఉన్నవి. ప్రతివ్రాయు అలవాటు పూర్వమునుండి ఉన్నది. వాటిమీద ఈ విరుగుడులు వ్రాయించినది మాత్రము మనము. అదియు ఒక్క మనుష్యజీవితకాలములో.

ఇక కాలువ దగ్గరకు వత్తము. మన పెద్దలకు టైఫాయిడ్ అనగా ఇరువదియొక్క దినముల భయము. 1948లో మలయాదేశమున క్లోరాంఫెనికాల్‌తో ఆ జ్వరము కుదురునని తెలిసిన తరువాత ఆ భయము చాలవరకు తొలగినది. టైఫాయిడ్ నీటివలన వచ్చు వ్యాధి. ఒకరి మలము కాలువద్వారా మరియొకరి త్రాగునీటిలో కలియుటవలననే అది వ్యాపించును. 1972లో కేరళలోని కాలికట్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ బయలుదేరినది. ఆ సంవత్సరమే మెక్సికోలో అట్టి జ్వరము వేలమందికి సోకినది. రెండుచోట్లను విరుగుడు ప్లాస్మిడ్‌మీద ఉన్నది. ఇది పాతకథ అని త్రోసివేయుటకు వీలులేదు. 2016లో పాకిస్థాను సింధురాష్ట్రములోని హైదరాబాదు పట్టణమున మొదలైన టైఫాయిడ్ అయిదు తరగతుల మందులకు లొంగనిదైనది. కోలైవంటి ప్రేగుక్రిమినుండి ఒక ప్లాస్మిడ్‌ను అది సంపాదించియుండునని 2018లో జన్యుపరీక్షలు సూచించినవి.

ఆసుపత్రి మురుగునీటిని ఊరి మురుగునీటితో పోల్చి చూడవలెనన్న ఆలోచన ఈ కాలమునకే వచ్చినది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా శాస్త్రజ్ఞులు గ్రాబో, ప్రొజెస్కీ 1973లో ఒక లెక్క ప్రకటించినారు. ఊరి మురుగులోని కోలై జాతి క్రిములలో ఇతరులకు అప్పగింపదగిన నిరోధకశక్తి కలవి నూటికి 4. ఆసుపత్రి మురుగులో అట్టివి నూటికి 26. ఆసుపత్రి క్రిములు ఎదిరించు మందుల సంఖ్యయు అధికము. ఈ ఒక్క లెక్కతో ఆసుపత్రి కాలువ కేవలము మురికి కాదని, అది ఒక విద్యాలయమని తేలినది.

అట్లు ఎందుకగును? మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది, ఆసుపత్రిలో రోగులు ఎక్కువ, మందులు ఎక్కువ, అందును చివరి అస్త్రములుగా దాచుకొన్న మందులు ఎక్కువ. వాటి అవశేషములు నీటిలో పలుచనై ఉండును. పలుచని మందు క్రిమిని చంపదు, కాని లొంగనిదానికి లొంగుదానిమీద పైచేయి ఇచ్చును. రెండవది, అక్కడి గొట్టముల లోపలిగోడలకు జిగురువంటి పొర పట్టియుండును. క్రిములు ఆ పొరలో ఒకదానినొకటి అంటిపెట్టుకొని నివసించును. గ్రంథములు మార్చుకొనుటకు అంతకంటె అనువైన అగ్రహారము లేదు. మూడవది, క్రిమిసంహారక ద్రావకములను తట్టుకొను జన్యువులును, మందులను తట్టుకొను జన్యువులును తరచుగా ఒకే దారముమీద ఉండును. కనుక ఫినైలువంటివి పోసినంతమాత్రమున వీటి పీడ విరగడ కాదు. ఒక్కొక్కప్పుడు ఆ ద్రావకమే వాటికి కాపుదల అగును.

కాలువలో పోయినది పోయినదేనా అన్న ప్రశ్నకు 2017లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమువారు సమాధానము వెదకినారు. ఆసుపత్రులలో ఉండునట్టి చేతులు కడుగుకొను తొట్లను వరుసగా అమర్చి, వాటి అడుగున వంకరగొట్టములో నిలుచు నీటిలో, వెలుగునట్లు గుర్తుపెట్టిన కోలై క్రిములను వదలినారు. క్రిములకు ఆహారము అందినప్పుడు అవి గొట్టము గోడవెంట దినమునకు సుమారు రెండున్నర సెంటిమీటర్ల చొప్పున పైకి ప్రాకి, వారము దినములలో తొట్టి జల్లెడను చేరుకొన్నవి. అప్పుడు పైనుండి కుళాయి తిప్పగా, తుంపరలతోపాటు తొట్టి చుట్టును పడినవి. అనగా కాలువ ఏకముఖముగా పోవు దారి కాదు. వైద్యుడు చేతులు కడుగుకొన్న తొట్టియే రోగి మంచము దగ్గరకు తిరుగుదారి కావచ్చును.

మనదేశపు వృత్తాంతము చెప్పకతప్పదు. స్వీడనులో నివసించు భారతసంతతి రోగి ఒకరు 2008లో భారతదేశమున చికిత్స పొంది తిరిగి వెళ్ళగా, వారి శరీరమునుండి తీసిన క్రిమిలో ఒక క్రొత్త జన్యువు కనబడినది. మిగిలిన మందులన్నియు విఫలమైనప్పుడు వాడు కార్బపెనెమ్ జాతి మందులను అది నిష్ఫలము చేయును. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టి ఎన్.డి.ఎం.-1 అన్నారు. ఆ పేరుమీద మనదేశములో తీవ్రమైన అభ్యంతరములు వచ్చినవి. పేరు ఉచితమా కాదా అన్నది అట్లుంచుడు. 2011లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, న్యూఢిల్లీ వీధులలో నిలిచిన, పారుచున్న మురుగునీటి నమూనాలు 171 తీసి చూడగా 51లో ఆ జన్యువు ఉన్నది. కుళాయినీటి నమూనాలు 50 చూడగా రెండింటిలో ఉన్నది. ఆ జన్యువును కలిగిన క్రిములలో విరేచనముల షిగెల్లాయు, కలరా క్రిమియు ఉన్నవి. ఇంకొక విషయము కూడ వారు గమనించినారు. ఆ క్రిములు ప్లాస్మిడ్‌ను అప్పగించుకొనుట 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఎక్కువగా జరిగినది. వానకాలములో మన ఊళ్ళ కాలువలలో ఉండు వెచ్చదనము అదియే. ఆసుపత్రిలో పుట్టినదని అనుకొన్న జన్యువు అప్పటికే వీధిలో తిరుగుచున్నది.

మన తెలుగునేలకును ఈ చరిత్రలో ఒక పుట ఉన్నది. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు ప్రాంతములో సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించినారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నది. మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదుకంటె అది ఎక్కువ. ఆ నీరు కలిసిన యేటి అడుగుమట్టిలో నిరోధక జన్యువులు మిక్కుటముగా ఉన్నవని 2011లో తెలిసినది. ఇది ఆసుపత్రి కాలువ కాదు, మందు పుట్టినింటి కాలువ. కాని రెండింటి పాఠము ఒక్కటే. మందును చేయుచోటను, వాడుచోటను, దాని చివరి మజిలీని ఎవరును లెక్కలో వేయలేదు. యాంటిబయాటిక్ కర్మాగారముల మురుగును గురించి ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రత్యేక మార్గదర్శకములు వెలువరించుటకు 2024వ సంవత్సరము రావలసివచ్చినది.

శుద్ధికేంద్రములు ఉన్నవి గదా అని కొందరు అందురు. అవి చేయు మేలు తక్కువది కాదు. మంచి కేంద్రము క్రిముల సంఖ్యను చాలవరకు తగ్గించును. కాని అవి ఒకనాడు కలరా, టైఫాయిడ్ వంటివాటిని, నీటిలోని మలినమును దృష్టిలో పెట్టుకొని కట్టినవి. జన్యువులను నశింపజేయుటకు కట్టినవి కావు. క్రిమి చచ్చినను దాని జన్యుదారము కొంతకాలము నీటిలో మిగులును. అడుగున చేరిన బురదలోను మిగులును. ఇంగువ కట్టిన గుడ్డవలె, వస్తువు పోయినను వాసన పోదు. ఓజోను, అతినీలలోహిత కిరణములు, సన్నని వడపోత పొరలు మొదలైన పద్ధతులు ఈ పనిలో కొంత సహాయపడును. అవి ఖర్చుతో కూడినవి.

అయినను ఖరీదైన పద్ధతుల మాట తరువాత. సామాన్యమైన శుద్ధియే మనకు ఇంకను పూర్తిగా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారము మన పట్టణములలో దినమునకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు ఉత్పత్తియగుచుండగా, అందులో నిజముగా శుద్ధి అగుచున్నది 20,236 మిలియన్ లీటర్లు మాత్రమే. మిగిలినది ఉన్నదున్నట్లుగా నేలకును నీటికిని పోవుచున్నది. 60 దేశములలోని 79 స్థలములనుండి మురుగునీటిని సేకరించి పరీక్షించిన ఒక అంతర్జాతీయ బృందము 2019లో ఒక విశేషమును ప్రకటించినది. ఒక దేశపు మురుగులోని నిరోధక జన్యువుల విస్తారమునకు, ఆ దేశములో వాడు మందుల పరిమాణముకంటె, అక్కడి పారిశుధ్యముతోను సామాన్య ఆరోగ్యస్థితితోను ఎక్కువ సంబంధము కనబడినది. మరుగుదొడ్డియు, మూతవేసిన కాలువయు, శుభ్రమైన త్రాగునీరును కూడ యాంటిబయాటిక్ మందును కాపాడు ఉపాయములే అని దీని తాత్పర్యము.

ఇంతకును జరుగుచున్న నష్టమెంత? 2019వ సంవత్సరములో లోకమంతట సుమారు 12 లక్షల 70 వేలమంది, మందులకు లొంగని క్రిములవలననే మరణించినారని 2022లో వెలువడిన గణన చెప్పుచున్నది. పురిటిబిడ్డకు రక్తములో విషము చేరినప్పుడు, ఆపరేషను గాయము చీముపట్టినప్పుడు, వైద్యుడు వ్రాసిన మొదటి మందును రెండవ మందును పనిచేయక, మూడవదానికై పరుగెత్తవలసిన ఇండ్లు మన చుట్టుపట్లనే ఉన్నవి. ఆ తల్లిదండ్రులకు ప్లాస్మిడ్ అను మాట తెలియదు. ఆ రాత్రి మాత్రము తెలియును.

ఆసుపత్రులు తమ అంటుద్రవములను ముందుగా శుద్ధిచేసిగాని ఊరి కాలువలోనికి వదలరాదని 2016లో వచ్చిన జీవవైద్య వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి. ఆ నియమము కాగితముమీదనేగాక కాలువలోను అమలగుచున్నదా అని అడుగు హక్కు పౌరులకు ఉన్నది. మన ఊరి ఆసుపత్రికి క్రొత్తభవనము కావలెనని కోరుదుము, క్రొత్త యంత్రము కావలెనని కోరుదుము. దాని మురుగు ఎటుపోవుచున్నదని అడుగువారు ఎందరు?

ఆసుపత్రినే తప్పుపట్టుటయు న్యాయము కాదు. మనుష్యులు వాడు యాంటిబయాటిక్ మందులలో ఎక్కువభాగము ఆసుపత్రి మంచములమీద గాక ఇండ్లలోనే ఖర్చగుచున్నది. జలుబునకును, వైరసువలన వచ్చు జ్వరమునకును ఆ మందులు పనిచేయవు. అయినను చీటి లేకుండ అంగడిలో నాలుగు మాత్రలు కొని, రెండు మ్రింగి, రెండు అలమరలో దాచి, పొరుగువారికి అదే జ్వరమని ఇచ్చువారు మనలో ఉన్నారు. మిగిలిన మాత్రలను తూములో పారవేయువారును ఉన్నారు. వైద్యుడు అవసరమని చెప్పినప్పుడే పుచ్చుకొనుట, చెప్పినట్లు పుచ్చుకొనుట, ఇతరులకు పంచకుండుట, మిగిలినదానిని తూములో కలపకుండుట, ఇవి ప్రతి కుటుంబమును చేయగలిగిన పనులు. వీటికి ఖర్చు లేదు.

1941లో ఆక్స్‌ఫర్డులో సీసాపట్టి మూత్రమును దాచినవారు పేదరికముచేత ఆ పని చేసినారు. ఉన్న మందు అంతయే గనుక చుక్కకూడ వృథాకానీయలేదు. మనకు నేడు మందులు రాశులుగా ఉన్నవి. కాని పనిచేయు మందులు మరల ఆనాటివలె అరుదగుచున్నవి. అవి నిండుకొన్న తరువాత సైకిలుమీద ఎంతదూరము పోయినను తెచ్చుకొనుటకు మరియొక సీసా ఉండదు.